ఒకే పార్ట్ ఫైల్లో 72 సైజులు: ఒక్క బోరు మారితే మిగతావాటి రివిజన్ పెరగకుండా ఎలా?

కవర్‌ప్లేట్72 (పీణ్య, బెంగళూరు)

అందరికీ నమస్కారం. సాలిడ్‌వర్క్స్ (3డీ డిజైన్ సాఫ్ట్‌వేర్) ఫైళ్ళనీ వాటి వెర్షన్లనీ చూసుకునే పీడీఎం ప్రొఫెషనల్ బాగా తెలిసినవాళ్ళ సలహా కావాలి.

మాది హైడ్రాలిక్ సిలిండర్లు చేసే యూనిట్. ఐఎస్ఓ 6020-2 వరస టై రాడ్ సిలిండర్ల ముందు కవర్లన్నీ ఒక్క పార్ట్ ఫైల్లో ఉన్నాయి. బోర్లు (సిలిండర్ లోపలి వ్యాసం, మి.మీ.లో) ఆరు: 40, 50, 63, 80, 100, 125. ఒక్కో బోరుకి రెండు రాడ్లు (80కి 36, 56 అలా). పోర్టు (ఆయిల్ వెళ్ళే రంధ్రం) మూడు రకాలు: బీఎస్‌పీ, మెట్రిక్, ఎస్ఏఈ ఫ్లాంజ్. కుషన్ (స్ట్రోక్ చివర పిస్టన్ వేగం తగ్గించే ఏర్పాటు) ఉన్నది, లేనిది. వెరసి 72 కాన్ఫిగరేషన్లు (ఒకే ఫైల్లో ఉండే వేర్వేరు సైజులు). అన్నింటినీ ఫైలు లోపలే ఉన్న ఎక్సెల్ డిజైన్ టేబుల్ నడుపుతుంది. డ్రాయింగు కూడా ఒక్కటే, పక్కన కొలతల పట్టిక. ఈఆర్‌పీలో (కొనుగోళ్ళు, స్టాకు చూసే కంపెనీ సాఫ్ట్‌వేర్) మాత్రం 72 వేర్వేరు పార్ట్ నంబర్లు.

ఇప్పుడు 80 బోరులో మాత్రమే ట్యూబు వైపు ఓ-రింగ్ (గుండ్రటి రబ్బరు సీల్) గాడి మార్చాలి. ఫైలు చెక్-అవుట్ చేసి (మార్చడానికి మన పేరు మీద తీసుకుని), మార్చి రిలీజ్ చేస్తే రివిజన్ సీ నుంచి డీకి వెళ్తుంది. అప్పుడు 40 బోరు కవర్ మెషినింగ్ చేసే జాబ్ వర్క్ వాళ్ళకి కూడా రివిజన్ డీ డ్రాయింగే వెళ్ళాలి. ఏం మారిందని వాళ్ళు అడుగుతారు. ఇన్‌స్పెక్షన్‌లో సీ కాగితంతో వచ్చిన మంచి సరుకు పక్కకి పోతుంది. ఎక్స్ఎంఎల్ ఎక్స్‌పోర్టులో 72 లైన్లూ ఈఆర్‌పీకి మళ్ళీ పోతాయి.

ఇవి కాక ఇంకో మూడు ఇబ్బందులు. కొన్ని సైజులకి బీఓఎంలో (విడిభాగాల జాబితా) వివరణ ఖాళీగా వస్తోంది. ఫైలు 140 ఎంబీ అయింది. వైట్‌ఫీల్డ్ ఆఫీసులో రిలీజైన అసెంబ్లీ తెరిస్తే, ఎవరూ ఏమీ మార్చకపోయినా కవర్ మీద రీబిల్డ్ గుర్తు (మోడల్‌ని మళ్ళీ లెక్కించాలనే సూచన) పడుతోంది.

కాన్ఫిగరేషన్‌కి విడిగా రివిజన్ ఇవ్వగలమా? లేకపోతే దాదాపు 300 అసెంబ్లీలు చెడకుండా ఈ ఫైలుని విడగొట్టడం ఎలా?

———

డేటాకార్డు

మొదటి ప్రశ్నకి జవాబు: ఇవ్వలేరు. పీడీఎంలో చెక్-అవుట్, వెర్షన్, వర్క్‌ఫ్లో స్థితి, రివిజన్ నాలుగూ ఫైలుకే ఉంటాయి, కాన్ఫిగరేషన్‌కి ఉండవు. ఫైలు వివరాలు నింపే డేటా కార్డు మీద ఒక్కో కాన్ఫిగరేషన్‌కి ఒక ట్యాబ్ కనిపిస్తుంది కాబట్టి రివిజన్ కూడా విడిగా ఉంటుందనిపిస్తుంది. అక్కడ ‘సైజు రివిజన్’ అని మీరే ఒక వేరియబుల్ పెట్టి చేత్తో నింపుకోవచ్చు. కానీ వర్క్‌ఫ్లో దాన్ని పట్టించుకోదు. 80 బోరు కోసం ఫైలు ‘మార్పులో ఉంది’ స్థితికి వెళ్ళిన క్షణం నుంచి మిగతా 60 సైజులు కూడా మార్పులో ఉన్నట్టే. ఆ వారం రోజులూ 50 బోరు మీద ఇంకొకరు పని చేయలేరు కూడా.

బీఓఎంలో ఖాళీ వివరణ సంగతి: కార్డులో @ ట్యాబ్ అంటే ఫైలు మొత్తానికి చెందిన కస్టమ్ ప్రాపర్టీలు. పేరున్న ట్యాబులు కాన్ఫిగరేషన్‌కి చెందినవి. మీవాళ్ళు వివరణ @ ట్యాబ్‌లో రాసి వదిలేసి ఉంటారు, బీఓఎం మాత్రం సైజు ట్యాబ్‌లో వెతుకుతుంది. మెటీరియల్, ప్రాజెక్టు లాంటి అన్ని సైజులకీ ఒకటే ఉండే గడులకి కార్డు ఎడిటర్‌లో ‘అప్‌డేట్స్ ఆల్ కాన్ఫిగరేషన్స్’ టిక్ పెట్టండి. పార్ట్ నంబర్, వివరణ గడులకి మాత్రం పొరపాటున కూడా పెట్టొద్దు. ఒక సైజులో నంబరు దిద్దితే 72కీ అదే నంబరు పడుతుంది. చెక్-ఇన్ అయ్యేదాకా ఎవరి కంటా పడదు.

వివరణని కార్డులో కాకుండా డిజైన్ టేబుల్లోనే $పీఆర్‌పీ@ తో మొదలయ్యే కాలమ్‌లో పెట్టుకోవడం ఇంకా మంచిది. ఎవరు రాసినా ఒక్కచోటే రాస్తారు. అయితే ఒకే ప్రాపర్టీని కార్డులోనూ టేబుల్లోనూ రాసుకోనిస్తే, తర్వాత టేబుల్ తెరిచినవాళ్ళు కార్డులో దిద్దినదాన్ని తుడిచేస్తారు. టేబుల్ నుంచి వచ్చే గడులని కార్డులో రీడ్-ఓన్లీ చేసేయండి.

———

టైరాడ్

డేటాకార్డు గారు చెప్పింది సరైనదే. విడగొట్టక తప్పదు. అసలు నిర్ణయం, గీత ఎక్కడ గీయాలన్నది.

72 ఫైళ్ళు చేయకండి. అప్పుడు చాంఫర్ ఒకటి మార్చాలన్నా 72 చోట్ల మార్చాలి. ఏవి కలిసి మారతాయో అవి కలిసి ఉండాలి, అంతే. ఫౌండ్రీలో మీకు ప్యాటర్న్ బోరుకి ఒకటి ఉంటుంది కదా? రాడ్ రంధ్రం, పోర్టు థ్రెడ్, కుషన్ గది ఆ కాస్టింగ్ మీద చేసే మెషినింగే. ప్యాటర్న్ ఒకటైతే ఫైలు ఒకటి. బోరుకి ఒక ఫైలు చొప్పున ఆరు ఫైళ్ళు, ఒక్కోదాంట్లో 2 × 3 × 2 = 12 కాన్ఫిగరేషన్లు. మీ ఓ-రింగ్ గాడి ట్యూబు బోరుని బట్టి ఉంటుంది కాబట్టి ఈ మార్పు సరిగ్గా ఒక్క ఫైల్లో, 12 సైజులకీ పడుతుంది. పట్టకూడనివాటికి పట్టదు.

ఇక చేసే పద్ధతి. ముందు టెస్ట్ వాల్టులో (వాల్టు అంటే పీడీఎం ఫైళ్ళు దాచే చోటు) నాలుగైదు అసెంబ్లీలతో మొత్తం ఒకసారి చేసి చూడండి. అసలు వాల్టులో పాత ఫైలుని ముట్టుకోకండి, రిలీజ్ స్థితిలోనే ఉండనివ్వండి. కాపీ ట్రీతో దానికి బోరుకొకటి చొప్పున కొత్త పేర్లతో కాపీలు తీయండి. కాపీయే ఎందుకంటే, అందులో ముఖాలకీ అంచులకీ లోపలి గుర్తింపు పాతదే ఉంటుంది. అసెంబ్లీలో మార్చి పెట్టినప్పుడు మేట్లు (భాగాల మధ్య పెట్టిన జోడింపులు) నిలబడతాయి. కొత్తగా మోడల్ చేసినా, స్టెప్ ఫైలు (వేర్వేరు సాఫ్ట్‌వేర్ల మధ్య వాడే 3డీ ఫైలు) నుంచి తెచ్చుకున్నా ఆ గుర్తింపులు పోయి మేట్లన్నీ తెగుతాయి.

కాపీలో వేరే బోర్ల వరుసలు డిజైన్ టేబుల్ నుంచి తీసేయాలి. ఇక్కడే చాలామంది ఆగిపోతారు. టేబుల్లో వరుస తీసినంత మాత్రాన కాన్ఫిగరేషన్ పోదు. కాన్ఫిగరేషన్ మేనేజర్‌లోకి వెళ్ళి విడిగా తీసేయాలి. తీయకపోతే తర్వాత ఎవరు టేబుల్ తెరిచినా ‘ఈ వరుసలు చేర్చమంటారా’ అని ఆ 60 మళ్ళీ వచ్చి కూర్చుంటాయి. అప్పుడు తెరిచి ఉన్న కాన్ఫిగరేషన్‌ని తీయనివ్వదు కాబట్టి ముందు ఆ బోరు సైజుల్లో ఒకదాన్ని యాక్టివ్ చేసుకోండి.

ఈ దశలో కాన్ఫిగరేషన్ల పేర్లు దిద్దకండి. పాత పేర్లలో చెత్త ఉన్నా సరే, అక్షరం మార్చొద్దు. ఎందుకంటే అసెంబ్లీలో రీప్లేస్ కాంపోనెంట్స్ వాడేటప్పుడు కాన్ఫిగరేషన్ దగ్గర ‘మ్యాచ్ నేమ్’ ఎంచుకుంటే అదే పేరున్న సైజు దానంతటదే కూర్చుంటుంది. పేరు ఒక్క గీత తేడా వచ్చినా సైజులన్నీ చేత్తో ఎంచాల్సి వస్తుంది, ఎక్కడో ఒకచోట 36 రాడ్ బదులు 56 పడుతుంది. ‘రీ-అటాచ్ మేట్స్’ టిక్ ఉంచండి.

300 అసెంబ్లీలూ ఒకేసారి మార్చాలని లేదు. వేర్ యూజ్డ్ (ఫైలు ఎక్కడెక్కడ వాడారో చూపే జాబితా) చూసి, 80 బోరు ఉన్నవాటిని, ఇప్పుడు ఆర్డర్లు నడుస్తున్నవాటిని ముందు మార్చండి. మిగతావి ఏ కారణంతోనైనా చెక్-అవుట్ అయిన రోజున మారతాయి. అందుకే పాత ఫైలుని డిలీట్ చేయకూడదు. ‘కొత్త డిజైన్‌కి వాడొద్దు’ అని ఒక స్థితి పెట్టి, అందులో అందరికీ చదివే అనుమతి మాత్రమే ఇవ్వండి. వాల్టులో కోల్డ్ స్టోరేజ్ నియమాలు పాత వెర్షన్లు తుడిచేలా ఉంటే ఈ ఫోల్డర్‌ని వాటి నుంచి తప్పించండి. పాత అసెంబ్లీ వెర్షన్ తెరిచినప్పుడు దానికి కావలసిన కవర్ వెర్షన్ దొరకాలి.

———

జెనెరిక్_పార్ట్

క్రియో (ఇంకో 3డీ డిజైన్ సాఫ్ట్‌వేర్), విండ్‌చిల్ (దాని ఫైళ్ళు చూసుకునేది) వాడేవాళ్ళు ఈ థ్రెడ్ చదివి మాకు ఈ బాధ లేదు అనుకోవచ్చు. సగం నిజం. ఫ్యామిలీ టేబుల్లో జెనెరిక్ (మూల మోడల్) ఒకటి, ఇన్‌స్టన్సులు (దాని సైజులు) విండ్‌చిల్‌లో విడివిడి వస్తువులు. ఒక్కోదానికి సొంత నంబరు, సొంత రివిజన్ ఉంటాయి. కానీ ఆకారం అంతా జెనెరిక్ ఫైల్లోనే ఉంటుంది. ఒక ఇన్‌స్టన్స్ మార్చాలంటే జెనెరిక్‌ని కూడా చెక్-అవుట్ చేయక తప్పదు. చెక్-ఇన్ చేశాక, ముట్టుకోని ఇన్‌స్టన్స్ పాత ఐటరేషన్ (ఒక్కో చెక్-ఇన్‌తో ఏర్పడే వెర్షన్) పాత జెనెరిక్ ఐటరేషన్‌తోనే పొసగుతుంది. వర్క్‌స్పేస్‌లోకి కొత్త జెనెరిక్‌నీ పాత ఇన్‌స్టన్స్‌నీ కలిపి తెచ్చుకుంటే ఘర్షణ చూపిస్తుంది. అక్కడ కూడా టైరాడ్ గారి గీతే వర్తిస్తుంది: కుటుంబం చిన్నదిగా ఉండాలి.

చెక్-ఇన్‌కి ముందు ఫ్యామిలీ టేబుల్లో ‘వెరిఫై’ నడపండి. ఏ ఇన్‌స్టన్స్ రీజెనరేట్ కాలేదో దాని పక్కన ఫెయిల్యూర్ అని చూపిస్తుంది. ఇది మానేస్తే తప్పిన సైజు వాల్టులోకి వెళ్ళి, అసెంబ్లీ వాడే మనిషి దగ్గర మొదటిసారి పేలుతుంది.

———

ఫ్యాక్టరీ_మెంబర్

ఇన్వెంటర్ (మరో 3డీ డిజైన్ సాఫ్ట్‌వేర్), దాని ఫైళ్ళు చూసుకునే ‘వాల్ట్’ సాఫ్ట్‌వేర్ వైపు నుంచి ఒక మాట. ఐపార్ట్‌లో ఫ్యాక్టరీ (మూల ఫైలు) నుంచి వచ్చే ప్రతి మెంబర్ (సైజు) విడి ఫైలు, కాబట్టి ఒక్కో సైజుకీ సొంత రివిజన్ దొరుకుతుంది. దీనికో ఖరీదు ఉంది: ఫ్యాక్టరీ మార్చాక మెంబర్లు వాటంతటవి కొత్తవి కావు. వాటిని చెక్-అవుట్ చేసి ‘జెనరేట్ ఫైల్స్’ ఇవ్వాలి. రిలీజై తాళం పడిన మెంబర్ మారదు, ఫ్యాక్టరీతో పోలిస్తే వెనకబడి ఉంటుంది. ఎవరి రివిజన్ పెరగాలో వాటినే ముందుగా ‘మార్పు’ స్థితికి తెచ్చుకోండి. మిగతావి వెనకబడినట్టు చూపించినా, ఆ మార్పు వాటి ఆకారానికి తగలనంతవరకు ఇబ్బంది లేదు.

———

కవర్‌ప్లేట్72

అందరికీ చాలా థ్యాంక్స్. బోరుకొక ఫైలు అన్నది మాకు సరిగ్గా సరిపోతుంది, ప్యాటర్న్‌లు కూడా బోరుకి ఒకటే.

రెండు సందేహాలు మిగిలాయి. రేపు 80 బోరులో మెట్రిక్ పోర్టు లోతు మాత్రమే మారితే? 12లో 4 సైజులే మారతాయి, ఫైలు రివిజన్ 12కీ పెరుగుతుంది. మళ్ళీ అదే కథ కదా?

రెండోది, ఈ గాడి మార్పుకి రివిజన్ చాలా, కొత్త పార్ట్ నంబర్ ఇవ్వాలా అని స్టోర్స్ వాళ్ళు అడుగుతున్నారు. ఓ-రింగ్ సెక్షన్ కూడా మారుతోంది.

———

టైరాడ్

రెండోది ముందు చెప్తాను, అదే పెద్దది. ఓ-రింగ్ సెక్షన్ మారితే కొత్త నంబరే. కొత్త కవర్, పాత కవర్ ఒకే బిన్‌లో కలిసిపోయినా ఏది తీసి బిగించినా సరిపోతుందా అని చూడాలి. ఇక్కడ సరిపోదు. పాత సీల్ కిట్‌తో కొత్త కవర్ బిగిస్తే కారుతుంది, లేదా ఓ-రింగ్ నలిగి తెగుతుంది. ఫీల్డులో ఉన్న సిలిండర్‌కి స్పేర్ పంపేటప్పుడు రివిజన్ అక్షరం ఎవరూ చూడరు, నంబరే చూస్తారు. అదే ఓ-రింగ్ ఉంచి గాడి టాలరెన్స్ మాత్రం బిగించి ఉంటే రివిజన్ చాలేది. సీల్ కిట్‌కీ కొత్త నంబరు పడుతుంది, దాన్ని మర్చిపోకండి.

కాబట్టి 80 బోరు ఫైల్లో ఉన్న 12 వరుసల్ని దిద్దకండి. వాటి కింద కొత్త నంబర్లతో 12 వరుసలు చేర్చండి, గాడి కొలతల కాలమ్‌లో కొత్త విలువలు పెట్టండి. పాత 12 అలాగే ఉంటాయి, పాత స్టాకు అయిపోయేదాకా కావాలి కదా.

కాన్ఫిగరేషన్ పేరుగా ఈఆర్‌పీ నంబరే పెట్టండి. కొత్త వరుసలకి ఇప్పుడే, పాతవాటికి పాత పేర్లు ఉండనివ్వండి. $పార్ట్‌నంబర్ కాలమ్‌లో $సీ అని ఇస్తే బీఓఎంలో కాన్ఫిగరేషన్ పేరే పార్ట్ నంబరుగా వస్తుంది. పాత వరుసల్లో మాత్రం నంబరుని నేరుగా రాయండి. వాడుకలో ఉన్న కాన్ఫిగరేషన్ పేరు మారిస్తే, ఆ సమయంలో తెరిచి లేని అసెంబ్లీలు పాత పేరునే పట్టుకుని ఉంటాయి. అది దొరక్కపోతే వేరే కాన్ఫిగరేషన్ తెచ్చి పెట్టే ప్రమాదం ఉంది. ఒక హెచ్చరిక వస్తుంది, కానీ చాలామంది చదవకుండా ఓకే కొట్టేస్తారు.

———

డేటాకార్డు

మొదటి సందేహానికి: మోడల్ రివిజన్‌ని బయటికి చూపించడం ఆపేయండి. వెండర్‌కి వెళ్ళేది డ్రాయింగు. పట్టిక డ్రాయింగు మానేసి పార్ట్ నంబరుకి ఒక డ్రాయింగు చేసుకోండి. మోడల్‌కి ఒక వర్క్‌ఫ్లో, డ్రాయింగులకి ఇంకొకటి. ప్రొఫెషనల్‌లో ఎన్ని వర్క్‌ఫ్లోలైనా పెట్టుకోవచ్చు, స్టాండర్డ్‌లో అయితే ఒక్కటే. మోడల్ ఫైలుకి 1, 2, 3 అని అంకెలు ఇవ్వండి, అది ఏ కాగితం మీదా అచ్చు కాకూడదు. మెట్రిక్ పోర్టు మారితే మోడల్ 4 నుంచి 5కి వెళ్తుంది, నాలుగు డ్రాయింగులు మాత్రం బీ అవుతాయి. మిగతా ఎనిమిది ఏలోనే ఉంటాయి.

ఇది పని చేయాలంటే టైటిల్ బ్లాక్‌లో లింకులు సరిగా ఉండాలి. రివిజన్ గడి $పీఆర్‌పీతో ఉండాలి, అది డ్రాయింగు సొంత ప్రాపర్టీని చదువుతుంది. పార్ట్ నంబర్, వివరణ, మెటీరియల్ గడులు $పీఆర్‌పీషీట్‌తో ఉండాలి, అవి మోడల్ నుంచి వస్తాయి. చాలా టెంప్లేట్లలో రివిజన్ కూడా $పీఆర్‌పీషీట్‌తోనే ఉంటుంది. అలా ఉంటే మోడల్ మారినప్పుడల్లా డ్రాయింగు మీద అక్షరం దానంతటదే మారిపోతుంది, మీరు తప్పించుకోవాలనుకున్నదే మళ్ళీ వస్తుంది. షీట్ ప్రాపర్టీస్‌లో ‘కస్టమ్ ప్రాపర్టీలు ఏ వ్యూలోని మోడల్ నుంచి’ అన్నది కూడా చూసుకోండి. డ్రాయింగు ఒకదాని నుంచి కాపీ కొట్టి వ్యూల కాన్ఫిగరేషన్ మార్చేటప్పుడు ఒక వ్యూ మర్చిపోతే, బొమ్మ 56 రాడ్‌ది, టైటిల్ 36 రాడ్‌ది అవుతుంది.

రిలీజ్ సమయంలోనే పీడీఎఫ్, స్టెప్ తీసి వాల్టులో పెట్టండి. కన్వర్ట్ టాస్క్‌లో ఫైలు పేరులో కాన్ఫిగరేషన్ పేరు వచ్చేలా పెట్టండి. లేకపోతే 24 స్టెప్ ఫైళ్ళూ ఒకే పేరుతో ఒకదాని మీద ఒకటి రాసుకుని చివరిది మిగులుతుంది.

———

గ్రిడ్‌లైన్

రీబిల్డ్ గుర్తు సంగతి ఎవరూ చెప్పలేదు. చెక్-ఇన్ చేసిన మనిషి తను పని చేసిన సైజునే రీబిల్డ్ చేసి సేవ్ చేస్తే, మిగతా సైజుల ఆకారం ఫైల్లో పాతదే ఉంటుంది. వైట్‌ఫీల్డ్‌లో అసెంబ్లీ తెరిచినప్పుడు సాలిడ్‌వర్క్స్ ఆ సైజుని మెమరీలో రీబిల్డ్ చేస్తుంది, ఫైలు రీడ్-ఓన్లీ కాబట్టి సేవ్ చేయలేదు. అందుకే తెరిచిన ప్రతిసారీ ఆ గుర్తు. సాలిడ్‌వర్క్స్ వెర్షన్ పైకి మార్చిన తర్వాత ఇది ఇంకా ఎక్కువ కనిపిస్తుంది.

కాన్ఫిగరేషన్ మేనేజర్‌లో కుడి క్లిక్ చేసి ‘యాడ్ రీబిల్డ్/సేవ్ మార్క్’ అన్ని కాన్ఫిగరేషన్లకీ ఇవ్వండి. కంట్రోల్-షిఫ్ట్-క్యూ కొట్టి, సేవ్ చేసి, అప్పుడు చెక్-ఇన్. ఈ మార్క్ ఉన్న ప్రతి సైజు పూర్తి డేటా ఫైల్లో దాచుకుంటుంది కాబట్టి ఫైలు పెరుగుతుంది. 72 సైజుల ఫైల్లో దీన్ని పెడితే మీ 140 ఎంబీ ఇంకా లావవుతుంది, అందుకని విడగొట్టిన తర్వాతే పెట్టండి. ప్రొఫెషనల్ ఉంది కాబట్టి వైట్‌ఫీల్డ్‌లో ఆర్కైవ్ సర్వర్ రెప్లికేషన్ పెట్టించుకుంటే తెరిచే సమయం కూడా తగ్గుతుంది.

ఎక్సెల్‌తో జాగ్రత్తలు. పార్ట్ నంబర్ కాలమ్‌ని నంబర్లు టైపు చేయడానికి ముందే ‘టెక్స్ట్’గా మార్చండి. టైపు చేశాక మారిస్తే పోయినవి తిరిగి రావు. 0080 అన్నది 80 అవుతుంది, 12-05 అన్నది తేదీ అవుతుంది, 11 అంకెలు దాటితే ఈ-ప్లస్ రూపంలోకి పోతుంది. 15 అంకెల తర్వాత ఉన్నవన్నీ సున్నాలవుతాయి. పాత 12 వరుసలకీ కొత్త 12కీ మధ్య అందం కోసం ఖాళీ వరుస వదలకండి. ఖాళీ వరుస దగ్గర టేబుల్ చదవడం ఆగిపోతుంది, కింద ఉన్న కొత్త సైజులు ఏర్పడవు. తప్పు సందేశం కూడా రాదు.

ఇంకొకటి, టేబుల్ ప్రాపర్టీస్‌లో మోడల్ మార్పులు టేబుల్‌ని మార్చకుండా ‘బ్లాక్ మోడల్ ఎడిట్స్’ ఎంచుకోండి. ఎవరైనా స్కెచ్‌లో కొలత మీద డబుల్ క్లిక్ చేసి 80 బోరుని దిద్దేసే ప్రమాదం అక్కడితో పోతుంది.

———

కవర్‌ప్లేట్72

అర్థమైంది. ప్లాన్ ఇది: కాపీ ట్రీతో ఆరు ఫైళ్ళు, పేర్లు మార్చకుండా రీప్లేస్, 80 ఫైల్లో కొత్త నంబర్లతో 12 వరుసలు, నంబరుకొక డ్రాయింగు, రివిజన్ గడి $పీఆర్‌పీకి. పాత పట్టిక డ్రాయింగుని ఈ వారమే ఆబ్సొలీట్ చేసేస్తాను.

———

టైరాడ్

ఆ చివరిది ఆపండి. 40 బోరు డ్రాయింగులు 12 ఇంకా తయారు కాలేదు, జాబ్ వర్క్ వాళ్ళ దగ్గర తెరిచి ఉన్న పర్చేజ్ ఆర్డర్లు పట్టిక డ్రాయింగు రివిజన్ సీ మీదే నడుస్తున్నాయి. బోరు బోరుకీ కొత్త డ్రాయింగులు రిలీజై, ఆ బోరు ఆర్డర్లు మూసుకున్నాకే పట్టికలో ఆ బోరు వరుసలు కొట్టేయండి. ముందు 80 బోరుతో మొదలుపెట్టండి. అక్కడ 24 డ్రాయింగులు అవసరం లేదు, కొత్త నంబర్లకి 12 చాలు. పాత 12 సైజులు పట్టిక మీదే స్టాకు అయ్యేదాకా ఉంటాయి.